ఇంచార్జ్ కుర్చీలో కూర్చున్నాక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మే 12 నర్సుల దినోత్సవం సందర్భంగా, మీ వార్డును నడిపించేవాళ్ళ గురించి, నడిపించడంలో మీరు పడుతున్న ఇబ్బందుల గురించి రాయమని కిందటి సంచికలో అడిగాను. కట్టలు కట్టలుగా ఉత్తరాలు వచ్చాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 36 ఏళ్ళు పనిచేసి, 2020 జూన్‌లో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరైనదాన్ని. ఈ ఉత్తరాలు చదువుతుంటే చాలాచోట్ల నా పాత డైరీ చదువుతున్నట్టే అనిపించింది. అందులో ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రం ఉంచాను.

*

"మేడమ్, 19 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాక ఆరు నెలల కిందట హెడ్ నర్సు ప్రమోషన్ వచ్చింది. అదే ఆసుపత్రి, అదే ఫిమేల్ మెడికల్ వార్డు. నిన్నటిదాకా ఒకే క్యారేజీలో అన్నం పంచుకుని తిన్నవాళ్ళు ఇప్పుడు నేను డ్యూటీ రూంలోకి రాగానే మాటలు ఆపేస్తున్నారు. డ్యూటీ చార్ట్ వేస్తే నలుగురు అలుగుతారు. గొడవెందుకని కొన్ని నైట్‌లు నేనే చేస్తున్నాను, సెలైన్లు నేనే పెడుతున్నాను. ఇంటికెళ్ళినా టెన్షన్, నిద్ర పట్టదు. ఈ ప్రమోషన్ వదులుకుని మళ్ళీ స్టాఫ్ నర్సుగా వెళ్ళిపోవచ్చా?"
– ఒక సోదరి, నంద్యాల

అమ్మా, వదులుకోవద్దు. ముందు నా సంగతి చెప్తాను, విను.

2001లో నేను హెడ్ నర్సునయ్యాను. నలభై పడకల వార్డు, రోగులు మాత్రం ఎప్పుడూ అరవైకి తగ్గేవారు కాదు, సగం మందికి నేల మీదే చాపలు. నాకు నరం దొరికించడంలో మంచి పేరు. చిన్నపిల్లలకైనా, విరేచనాలతో ఎండిపోయి వచ్చిన ముసలివాళ్ళకైనా ఎవరికీ కెనులా (మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పడకపోతే నన్ను పిలిచేవాళ్ళు. ప్రమోషన్ వచ్చాక కూడా ఆ పని మానలేదు. మానాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఆర్డర్ కాగితం చేతికిచ్చి, స్టాకు రిజిస్టర్లు, బీరువా తాళాలు అప్పగించారు, అంతే. శిక్షణ అన్న మాటే లేదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను ఒక మూల బెడ్ దగ్గర వంగి కెనులా పెడుతున్నాను. ఇంకో మూల ఆయాసంతో ఉన్న ముసలమ్మకు ఆక్సిజన్ అయిపోయింది. మాకు అప్పట్లో పైపులైను లేదు, పెద్ద సిలిండర్లే. పక్కన నిలబెట్టిన రెండో సిలిండరు ఖాళీది. రెండు రోజులుగా ఇండెంటు, అంటే సామాను కావాలని స్టోరుకు పంపే చీటీ, వెళ్ళలేదు. ఇండెంటు పంపాల్సింది నేనే. వార్డ్ బాయ్ పక్క వార్డుకు పరిగెత్తి సిలిండరు దొర్లించుకొచ్చేదాకా ఏడెనిమిది నిమిషాలు ఆ ముసలమ్మ పెదవులు నీలంగా మారుతుంటే చూస్తూ, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ నొక్కుతూ నిలబడ్డాం. ఆమె బతికింది. తర్వాతి వారం ఇంటికి కూడా వెళ్ళింది. ఇన్నేళ్ళైనా ఆ నీలి పెదవులు నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

సాయంత్రం మా సూపరింటెండెంట్ గారు నన్ను గదిలోకి పిలిచారు. తిట్టలేదు. "ఆ టైములో నీ వార్డులో ఎవరెవరు ఉన్నారు?" అని అడిగారు. ఇద్దరు స్టాఫ్ నర్సులు, నేను అన్నాను. "తప్పు. ముగ్గురు స్టాఫ్ నర్సులు ఉన్నారు. హెడ్ నర్సు ఎవరూ లేరు" అన్నారు. ఇరవై ఏళ్ళకు పైగా అయింది, ఆ మాట నాకు నిన్న విన్నట్టే ఉంటుంది.

నువ్వు ఇప్పుడు చేస్తున్నది అదే తల్లీ. గొడవ తప్పించుకోవడానికి మళ్ళీ స్టాఫ్ నర్సువైపోతున్నావు. నీ తప్పు అనను. ప్యాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సు 1980ల్లో చాలామంది నర్సుల పనిని దగ్గరగా గమనించి, కొత్తగా చేరినవాళ్ళు చేయి తిరిగినవాళ్ళు కావడానికి ఐదు దశలు దాటతారని చెప్పింది. అందులో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఒక పనిలో ఆరితేరిన నర్సు కూడా అలవాటు లేని కొత్త పనికి మారితే మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాల్సిందే. అంటే 19 ఏళ్ళ అనుభవం ఉన్న నువ్వు హెడ్ నర్సు పనిలో ఆరు నెలల పసిదానివి. దానికి సిగ్గుపడకు. కొత్తగా చేరిన అమ్మాయికి మనం ఎన్నిసార్లు చెప్పి నేర్పిస్తామో, అన్నిసార్లు నీకూ ఎవరో ఒకరు నేర్పాలి. మీ సూపరింటెండెంట్ గారిని వారానికి అరగంట సమయం అడుగు. ఫిర్యాదులు మోసుకెళ్ళొద్దు, ఆ వారం నీకు తెలియని రెండు విషయాలు కాగితం మీద రాసుకుని వెళ్ళు. ఆమెకు వీలు కాకపోతే రిటైరైన మేడమ్ ఎవరైనా మీ ఊళ్ళో ఉంటారు, వాళ్ళింటికి వెళ్ళు. కాఫీ ఇచ్చి మరీ చెప్తారు, నా మాట నమ్ము.

డ్యూటీ చార్ట్ సంగతికి వస్తే, అలకలు పనికంటే పండగల దగ్గరే ఎక్కువ. క్రిస్మస్‌కి మన వార్డుల్లో సగం మంది ఆఫ్ అడుగుతారు. సంక్రాంతికి మిగతా సగం. రంజాన్‌కి ఇద్దరో ముగ్గురో. నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. కిందటేడు ఏ పండక్కి ఎవరు డ్యూటీ చేశారో అందులో రాసి, ఆ పుస్తకాన్ని డ్యూటీ రూం టేబుల్ మీదే ఉంచాను. బీరువాలో పెట్టలేదు. కిందటి క్రిస్మస్ చేసినవాళ్ళకు ఈ క్రిస్మస్ ఇంట్లో. ఎవరైనా వచ్చి అడిగితే నేను మాట్లాడేదాన్ని కాదు, పుస్తకం చూపించేదాన్ని. మొదటి ఏడాది గొణిగారు, రెండో ఏడాది నుంచి వాళ్ళే చూసుకుని, వాళ్ళలో వాళ్ళు మార్చుకుని నాకు చెప్పేవాళ్ళు. నైట్‌లు కూడా అంతే. చిన్న పిల్లలున్న తల్లికి రెండు నైట్‌లు తగ్గించాలనుకుంటే తగ్గించు, కానీ ఎందుకు తగ్గించావో అందరి ముందూ చెప్పు. చాటుగా చేసిన మేలు మర్నాటికల్లా పక్షపాతమని పేరు తెచ్చుకుంటుంది.

స్నేహితురాళ్ళ విషయం. అది బాధే, బాధ కాదని నేను చెప్పను. నా ప్రాణ స్నేహితురాలు నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు, ఆమె లేటుగా వచ్చిన రోజున రిజిస్టర్‌లో లేటు అని రాశానని. ఒకటి మాత్రం చేశాను. భోజనం దగ్గరికి వెళ్ళడం మానలేదు. వెళ్ళి కూర్చుని, వార్డు మాటలు ఎత్తకుండా తిని వచ్చేదాన్ని. తొమ్మిదో నెలలో ఆమే నా గిన్నెలో చింతకాయ పచ్చడి వేసింది.

*

"నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్ళుగా చేస్తున్నాను. వయసు 24. సీనియర్లు మానేయడంతో నన్ను నైట్ షిఫ్ట్ ఇంచార్జ్ చేశారు. రోగి బాగోలేదని డ్యూటీ డాక్టర్ గారికి ఫోన్ చేస్తే 'ఇంత చిన్న విషయానికి లేపుతావా' అని విసుక్కుంటారు. ఒక్కోసారి భయపడి ఫోన్ చేయడమే ఆలస్యం చేస్తున్నాను. ఇంత చిన్న వయసులో నాకు ఈ బాధ్యత సరిపోతుందా?"
– ఒక చెల్లెలు, హైదరాబాద్

చెల్లీ, వయసు సంగతి తర్వాత. ఫోన్ చేయడం ఆలస్యం చేస్తున్నానని రాశావే, అది చదివి నాకు గుండె జారింది. ఈ రాత్రి నుంచే అది మారాలి.

మనం ఫోన్‌లో ఎలా మాట్లాడతామో గుర్తు చేసుకో. "సార్, 14వ బెడ్ పేషెంట్ అదోలా ఉన్నారు సార్, ఒకసారి చూస్తారా సార్." నిద్రలో ఉన్న మనిషికి ఇందులో ఏం అర్థమవుతుంది? అమెరికా నౌకాదళం వాళ్ళు ముఖ్యమైన సమాచారం క్లుప్తంగా చెప్పుకోవడానికి ఒక పద్ధతి వాడేవారు. 2000 తర్వాత అక్కడి కైజర్ పర్మనెంటే ఆసుపత్రులు దాన్ని వైద్యంలోకి తెచ్చుకున్నాయి. ఎస్‌బార్ అంటారు. నాలుగే మెట్లు: ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనక కథేమిటి, నాకేం అనిపిస్తోంది, మీ నుంచి ఏం కావాలి.

ఇలా చెప్పి చూడు. "సార్, సర్జికల్ వార్డు షిఫ్ట్ ఇంచార్జ్‌ని. 14వ బెడ్, 52 ఏళ్ళ ఆవిడ, బీపీ పదింటికి 110/70 ఉంది, ఇప్పుడు 86/54. పల్స్ 128. నిన్న ఉదయం గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. నాలుగు గంటల్లో యూరిన్ 60 ఎం.ఎల్. మాత్రమే వచ్చింది. లోపల రక్తం పోతోందేమోనని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి. ఈలోపు క్రాస్ మ్యాచ్‌కి (ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే పరీక్షకి) రక్తం తీసి పంపమంటారా?"

ఇది అర నిమిషం. ఇలా అడిగితే విసుక్కునే డాక్టర్లు తక్కువ. మూడో మెట్టు దగ్గరే మన పిల్లలు ఆగిపోతారు, "నాకేం అనిపిస్తోందో చెప్పడానికి నేనెవరిని" అనుకుంటారు. పన్నెండు గంటలు ఆ మంచం పక్కన ఉన్నది నువ్వు. నువ్వు కాకపోతే ఇంకెవరు చెప్తారు? ఫోన్ చేసే ముందు నంబర్లన్నీ కాగితం మీద రాసుకో, కేస్ షీట్ చేతిలో పెట్టుకో. ఆయన చెప్పిన ఆర్డరు తిరిగి ఆయనకే చదివి వినిపించు. టైము రాయి. ఆయన రాకపోతే ఎన్ని నిమిషాలు ఆగాలి, తర్వాత ఎవరికి చేయాలి అన్నది రాత్రి రెండింటికి ఆలోచించే విషయం కాదు. రేపు పగటిపూట మీ నర్సింగ్ సూపర్‌వైజర్‌తో కూర్చుని ఆ వరస రాయించుకుని, సంతకం పెట్టించుకుని, నర్సింగ్ స్టేషన్‌లో అతికించు.

ఇక వయసు. 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది కోసం నర్సింగ్ నౌ అనే ఉద్యమం వాళ్ళు నైటింగేల్ ఛాలెంజ్ అని పెట్టి, 35 ఏళ్ళ లోపు నర్సులకు నాయకత్వ శిక్షణ ఇవ్వమని ప్రపంచమంతా ఆసుపత్రులను అడిగారు. ఒక్కో సంస్థ కనీసం ఇరవై మందికి ఇవ్వాలన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా రోజుల్లో 35 ఏళ్ళ నర్సు మీటింగులో నోరు తెరిస్తే "కూర్చోమ్మా" అనేవారు. నీకు బాధ్యత సరిపోతుంది. శిక్షణ లేకుండా బాధ్యత మాత్రమే ఇవ్వడం మీ ఆసుపత్రి చేసిన తప్పు. ఆ శిక్షణ కావాలని రాతపూర్వకంగా అడుగు.

*

"మా ఐసీయూలో మూడు నెలలుగా ఒక్క ఇన్సిడెంట్ రిపోర్టు (జరిగిన పొరపాటు గురించి రాసిచ్చే కాగితం) కూడా రాలేదు. మేనేజ్‌మెంట్ వాళ్ళు మెచ్చుకుని నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. కానీ మందుల విషయంలో చిన్న చిన్న తప్పులు జరుగుతున్నాయని నాకు తెలుసు, పిల్లలు దాస్తున్నారు. పట్టుకుని మెమో ఇవ్వాలా?"
– ఐసీయూ ఇంచార్జ్, విజయవాడ

మెమో ఇస్తే వచ్చే మూడు నెలలు కూడా ఒక్క రిపోర్టూ రాదమ్మా. నువ్వు ఈ ప్రశ్న అడిగావంటేనే నీ ఐసీయూ మంచి చేతుల్లో ఉందని నాకు నమ్మకం కలిగింది.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో అమెరికాలో రెండు ఆసుపత్రుల్లోని ఎనిమిది వార్డులను పరిశీలించారు. మంచి ఇంచార్జ్ ఉన్న వార్డుల్లో మందుల తప్పులు తక్కువ ఉంటాయని అనుకున్నారు. లెక్క చూస్తే ఎక్కువ కనిపించాయి. ఆమె ఆశ్చర్యపోయి ఇంకా లోతుగా చూస్తే తేలిందేమిటంటే, ఆ వార్డుల్లో నర్సులు భయపడకుండా చెప్తున్నారు. కొరకొర చూసే ఇంచార్జ్ ఉన్నచోట తప్పులు దాగిపోతున్నాయి.

నాకు తెలిసిన ఒక సంఘటన చెప్తాను. మా వార్డులో ఇంజెక్షన్ ట్రేలో డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూళ్ళు (మందు ఉండే చిన్న సీసాలు), పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్ళు పక్కపక్కనే ఉండేవి. రెండూ 10 ఎం.ఎల్., రెండూ నీళ్ళలాగే ఉంటాయి. పొటాషియం పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందని మీకు చెప్పక్కర్లేదు. చేరి నాలుగు నెలలైన ఒక అమ్మాయి యాంటీబయాటిక్ పొడిని కలపడానికి డిస్టిల్డ్ వాటర్ అనుకుని పొటాషియం తీసింది. సిరంజి రోగి చేతి దగ్గరికి వెళ్ళింది. ఎందుకో అనుమానమొచ్చి ట్రేలోని ఖాళీ ఆంప్యూల్ తిరిగి చూసుకుంది. ఆ సిరంజి పట్టుకుని, వణికిపోతూ నేరుగా నా దగ్గరికి వచ్చి చెప్పింది. ఎవరూ చూడలేదు, పారేసి ఊరుకుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

నేను ఆ పిల్లను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాను. ఆ సాయంత్రమే పొటాషియం ఆంప్యూళ్ళన్నీ ట్రేలోంచి తీసేసి, ఎర్ర కాగితం అంటించిన ఒక డబ్బాలో పెట్టి తాళం వేశాం. తీయాలంటే ఇద్దరు నర్సులు చూసి సంతకం పెట్టాలి. మర్నాడు ఉదయం తర్వాతి షిఫ్ట్‌కి డ్యూటీ అప్పగించేటప్పుడు అందరి ముందూ ఆ అమ్మాయికి థ్యాంక్స్ చెప్పాను. ఆ నెలలో నాకు ఇంకో ఐదు విషయాలు తెలిశాయి, ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. ఇన్సులిన్ సిరంజిలు కలిసిపోవడం, ఒకే పేరున్న ఇద్దరు రోగులు పక్కపక్క బెడ్‌లలో ఉండటం, ఇలాంటివి. వాటిలో ఒక్కటి కూడా ఆ పిల్లల అజాగ్రత్త వల్ల జరిగింది కాదు, వార్డు సర్దుకున్న తీరులోనే ఉంది లోపం.

అయితే అన్నింటికీ మంచినీళ్ళు ఇచ్చి ఊరుకోమనను. బీపీ చూడకుండానే చూసినట్టు చార్ట్‌లో అంకెలు నింపడం నాకు క్షమించరాని పని. అది పొరపాటు కాదు, అబద్ధం. దానికి నేను మెమోలు ఇచ్చాను, ఇప్పుడైనా ఇస్తాను. ఈ తేడా మీ పిల్లలకు ముందే చెప్పండి. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన మేనేజ్‌మెంట్‌కి కూడా వచ్చే నెల రిపోర్టులు పెరుగుతాయని, పెరగడం మంచి సంకేతమని ముందుగానే చెప్పి ఉంచండి. లేకపోతే మొదటి రిపోర్టు వచ్చిన రోజునే మీ మీద పడతారు.

*

"నేను మగ నర్సును. ఎప్పుడూ క్యాజువాలిటీ, ఆపరేషన్ థియేటర్, ఆర్థో వార్డులే వేస్తారు. మాలాంటివాళ్ళు సూపరింటెండెంట్ దాకా వెళ్ళగలరా?"
– ఒక బ్రదర్, ఖమ్మం

తమ్ముడూ, వెళ్ళగలవు. ప్రపంచంలో నర్సుల్లో నూటికి తొంభై మంది ఆడవాళ్ళేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక చెప్పింది. అందుకే ఇప్పటికీ నిన్ను చూసి కొత్తగా చూస్తారు. సిలిండర్లు ఎత్తడానికి, మత్తులో ఉన్నవాళ్ళను పట్టుకోవడానికి బ్రదర్ కావాలి అని మనవాళ్ళు నిన్ను కొన్నిచోట్లకే పరిమితం చేస్తారు, అక్కడే ఉండిపోతే పెద్ద పోస్టుకు వచ్చేసరికి ఆసుపత్రిలో సగం నీకు తెలియకుండా పోతుంది. మెడికల్ వార్డు, పిల్లల వార్డు అడిగి వేయించుకో. రోగి తాలూకు ఆడవాళ్ళతో మాట్లాడటం, ఇరవై మంది నర్సులకు చార్ట్ వేయడం అక్కడే వస్తాయి. నేను చూసిన మంచి షిఫ్ట్ ఇంచార్జ్‌ల్లో ఇద్దరు బ్రదర్లే.

*

"నేను గుంటూరులో చదువుకుని నాలుగేళ్ళ కిందట ఇంగ్లండ్ వచ్చాను. బ్యాండ్ 5 నర్సును (ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో హోదా, జీతం మెట్లను బ్యాండ్‌లంటారు). బ్యాండ్ 6 ఇంటర్వ్యూకి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ రాలేదు. 'నువ్వు స్వయంగా ఏం చేశావో చెప్పలేదు' అన్నారు. నాకంటే తక్కువ పని చేసేవాళ్ళకు వచ్చింది. మనవాళ్ళకు ఇక్కడ పైకి వెళ్ళే దారి లేదా?"
– ఒక సోదరి, లెస్టర్

దారి ఉందమ్మా. మా చెల్లెలి కూతురు అక్కడే ఇప్పుడు బ్యాండ్ 7, వార్డ్ మేనేజర్. ఆమె కూడా మొదటిసారి పోగొట్టుకుంది, ఇదే కారణంతో. వివక్ష లేదని నేను అనను. కానీ నీ చేతిలో ఉన్నదాని గురించి ముందు మాట్లాడుకుందాం.

మనం పెరిగిన తీరు వేరు. "నేను చేశాను" అంటే గొప్పలు పోతోందని ఇంట్లో మొట్టికాయలు వేసేవాళ్ళు. అందుకే ఇంటర్వ్యూలో కూడా "మేము చేశాం, మా టీం చేసింది" అంటాం. అక్కడ ఎదురుగా కూర్చున్నవాళ్ళు మార్కులు వేసే కాగితం పెట్టుకుని కూర్చుంటారు. నువ్వు "మేము" అంటే ఆ కాగితంలో నీ ఖాళీ నిండదు. మా అమ్మాయి రెండోసారి వెళ్ళే ముందు నేను వీడియో కాల్‌లో పది రోజులు ప్రాక్టీస్ చేయించాను. "మేము" అన్నప్పుడల్లా గంట కొట్టాను. పరిస్థితి ఏమిటి, అందులో నీ పని ఏమిటి, నువ్వు ఏం చేశావు, చివరికి ఏమైంది. ఒక్కో సంఘటన రెండు నిమిషాల్లో.

కొత్త సంఘటనలు వెతుక్కోనక్కర్లేదు. మూడేళ్ళకోసారి రీవాలిడేషన్ కోసం, అంటే నర్సు రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవడానికి, ఐదు అనుభవాలు రాసిపెట్టుకుంటారు కదా, అవి తీయి. నీకు తెలియకుండానే అందులో నువ్వు షిఫ్ట్‌ను నడిపిన రోజులు ఉంటాయి. కొత్తగా వచ్చిన పిల్లకు మందుల రౌండ్ నేర్పావా? రాత్రి ఇద్దరు రాకపోతే రోగులను ఎలా పంచావు? అదే బ్యాండ్ 6 పని. మీ మేనేజర్‌ని అడిగి వారానికి ఒక షిఫ్ట్ ఇంచార్జ్‌గా వేయించుకో, అప్రైజల్ కాగితంలో రాయించుకో. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ లీడర్‌షిప్ అకాడమీ వాళ్ళ మేరీ సీకోల్ ప్రోగ్రాం మొదటిసారి టీం నడిపేవాళ్ళ కోసమే, దాని గురించి అడుగు. ఇవన్నీ చేశాక కూడా ఇవ్వకపోతే, మార్కుల కాగితం చూపించమని అడగడానికి వెనకాడకు.

*

"మాది వంద పడకల ఆసుపత్రి. నిరుడు నలుగురు ఇంచార్జ్‌లకు డబ్బు పెట్టి శిక్షణ ఇప్పించాను. ముగ్గురు వెళ్ళిపోయారు. ఇద్దరు జర్మనీ, ఒకరు గల్ఫ్. ఇక శిక్షణ ఎందుకని అనిపిస్తోంది. బాండ్ రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోమని మా మేనేజర్ అంటున్నాడు. మీరేమంటారు?"
– ఒక డాక్టర్, కరీంనగర్

డాక్టర్ గారూ, సర్టిఫికెట్లు పెట్టుకోకండి. అది వాళ్ళ జీవితం. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన పిల్లలు ఎంతమందో, తండ్రి చావుబతుకుల్లో ఉన్నా ఊరికి వెళ్ళి మళ్ళీ రాలేకపోతే సర్టిఫికెట్లు రావేమోనని భయపడినవాళ్ళున్నారు. అలా కట్టేసి ఉంచిన నర్సు మీ రోగిని ఎలా చూస్తుందో ఆలోచించండి.

అమెరికాలో 1980ల మొదట్లో నర్సులు దొరకక ఆసుపత్రులు అల్లాడిన రోజుల్లో, కొన్నిచోట్ల మాత్రం నర్సులు వదిలి వెళ్ళడం లేదని గమనించి అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ వాళ్ళు 163 ఆసుపత్రులను పరిశీలించారు. అందులో 41 ఆసుపత్రులు అయస్కాంతంలా నర్సులను పట్టి ఉంచుతున్నాయని 1983లో రాశారు. మాగ్నెట్ ఆసుపత్రులన్న పేరు అలాగే వచ్చింది. ఆ ఆసుపత్రుల్లో నర్సింగ్ పెద్దలు వార్డుల్లో కనిపించేవాళ్ళు, నిర్ణయాల్లో నర్సుల మాట వినేవాళ్ళు, సిబ్బంది సరిపడా ఉండేవాళ్ళు.

ఇక్కడ నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. శిక్షణ తీసుకుని వచ్చాక ఆ నలుగురికి మీరు ఏ అధికారం ఇచ్చారు? నర్సుల ఇంటర్వ్యూలో వాళ్ళు కూర్చున్నారా? కొత్త మంచాలు కొనేటప్పుడు వాళ్ళను అడిగారా? రోగులు ఎక్కువై నర్సులు తక్కువైన రాత్రి కొత్త అడ్మిషన్లు ఆపమని చెప్పే హక్కు ఉందా? జీతం ఎంత పెరిగింది? వారం రోజుల క్లాసులో నాయకత్వం గురించి విని వచ్చి, మర్నాడు మళ్ళీ బిల్లింగ్ కౌంటర్ నుంచి వచ్చే ఫోన్‌లకు జవాబు చెప్పడమే పనైతే ఎవరైనా జర్మన్ నేర్చుకోవడం మొదలుపెడతారు.

సిబ్బంది సంగతి కూడా తోసిపుచ్చకండి. లిండా ఎయికెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ లెక్కలు చూసి 2002లో రాసింది. ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి పెరిగినకొద్దీ నెల రోజుల లోపు చనిపోయే ప్రమాదం దాదాపు 7 శాతం చొప్పున పెరుగుతోంది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ మామూలు ఆసుపత్రి జనరల్ వార్డుకు ఐదుగురు రోగులకు ఒక నర్సు అని ప్రమాణం పెట్టింది. మీ వార్డులో ఈ రాత్రి ఎంతమందికి ఒకరున్నారో మీరే ఒకసారి వెళ్ళి లెక్కపెట్టండి. ఇరవై మందికి ఒకరుంటే ఏ శిక్షణా ఆ ఇంచార్జ్‌ను నిలబెట్టదు.

వెళ్ళేవాళ్ళు కొందరు వెళ్తారు, నిజమే. ఇంట్లో అప్పులుంటాయి, చెల్లెలి పెళ్ళి ఉంటుంది. వాళ్ళను ఆపలేం, ఆపకూడదు కూడా. అందుకే నేను ప్రతి హెడ్ నర్సుకూ చెప్పేదాన్ని, నీ వెనక ఒకరిని తయారుచేసి పెట్టు అని. నేను రిటైరైన 2020లో కోవిడ్ మొదలైంది. మా హెడ్ నర్సుల్లో ముగ్గురు ఒకే వారంలో క్వారంటైన్‌కి వెళ్ళారు. ఆ ముగ్గురి వార్డులూ ఒక్క పూట కూడా ఆగలేదు. అంతకుముందు ఏడాదిన్నరగా ప్రతి వార్డులో ఒక స్టాఫ్ నర్సు నెలలో ఒక వారం ఇంచార్జ్ పని మొత్తం చేసేది: చార్ట్, ఇండెంట్లు, సెన్సస్ (రోజువారీ రోగుల లెక్క), డాక్టర్లతో రౌండ్, అన్నీ. హెడ్ నర్సు పక్కన ఉండేది, చేయి మాత్రం పెట్టేది కాదు. పైసా ఖర్చు కాలేదు.

మీ దగ్గర మిగిలిన ఆ నాలుగో ఇంచార్జ్‌తో మొదలుపెట్టండి. ఆమె ఎందుకు ఉండిపోయిందో తీరిగ్గా కూర్చుని అడగండి, చెప్పింది రాసుకోండి. తర్వాత ప్రతి వార్డు నుంచి ఒకరిని ఎంచమని ఆమెనే అడగండి. వచ్చే నెల చార్ట్ ఆ అమ్మాయిలతోనే వేయించి, సంతకం కూడా వాళ్ళతోనే పెట్టించండి. మూడు నెలలయ్యాక ఏమైందో నాకు మళ్ళీ రాయండి, ఇదే శీర్షికలో వేస్తాను.